ధైర్యే సాహసే లక్ష్మీ అనేముందు

చైత్ర పౌర్ణమికి హైదరాబాద్‌లో గౌలిగూడ రామమందిరం నుంచి తాడ్‌బండ్ దాకా సాగే హనుమాన్ యాత్ర చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఒక్క బండి మీద ముగ్గురెక్కి, హెల్మెట్ లేకుండా, ముందు చక్రం గాల్లోకి లేపుతూ వెళ్తుంటే భక్తి కంటే ముందు టెన్షన్ పుడుతుంది. ఇదేంటి నాయనా అంటే, "స్వామి సముద్రమే దూకాడు కదా అంకుల్" అంటారు.

దూకాడు, నిజమే. ఎలా దూకాడో వాల్మీకి మహర్షి ఒక సర్గంతా రాశాడు. అది చదివే ఓపిక ఈ పిల్లలకి లేదు.

దారిలో అడ్డుపడ్డ సింహిక అనే రాక్షసి చచ్చాక ఆకాశంలో తిరిగే భూతాలు స్వామిని మెచ్చుకుంటూ అన్న మాట, పారాయణ చేసేవాళ్లందరికీ నోటికి వచ్చినదే.

యస్య త్వేతాని చత్వారి వానరేంద్ర యథా తవ
ధృతిర్దృష్టిర్మతిర్దాక్ష్యం స కర్మసు న సీదతి

నిబ్బరం, చూపు, బుద్ధి, నేర్పు, ఈ నాలుగూ నీకున్నట్టు ఎవరికుంటాయో, వాడు పనిలో చతికిలబడడట. నూరు యోజనాలు దాటుతున్నవాణ్ణి పొగుడుతూ ఈ నాలుగింటిలో బలాన్ని చేర్చలేదు, చూశారా!

నేనెప్పుడూ 'దృష్టి' దగ్గరే ఆగిపోతాను. సింహిక కింద నుంచి నీడ పట్టుకుని లాగింది. ఎదురుగాలికి చిక్కిన ఓడలా అయిపోయాడు స్వామి. మనమైతే ఇంకా మొండిగా ముందుకు గుంజుకుంటాం. ఆయన పక్కలకి చూశాడు, పైకి చూశాడు, కిందికి చూశాడు. నీళ్లలోంచి లేచిన ఆకారాన్ని చూసి, సుగ్రీవుడు చెప్పిన ఛాయాగ్రాహి ఇదేనని గుర్తుపట్టాడు. (పెద్దలు చెప్పింది చెవికెక్కించుకుని బయల్దేరాడన్నమాట.) ఒళ్లు పెంచాడు. అదీ నోరు పెంచింది. ఆ తెరిచిన నోట్లో మర్మస్థానాలు ఎక్కడున్నాయో కనిపెట్టి, అప్పుడు చిన్నవాడై లోపలికి పడి, గోళ్లతో చీల్చి బయటికొచ్చాడు. రాక్షసి నోట్లోకి దూకడం కంటే తెగింపు ఇంకేముంది? కానీ ఎక్కడ చీల్చాలో చూసుకున్నాకే దూకాడు తండ్రి.

లంక చేరాక కూడా అంతే. తానే పండితుణ్ణి అనుకునే దూతలు పని చెడగొడతారని తనకు తానే చెప్పుకుని, పొద్దు గూకేదాకా ఆగి, పిల్లి అంత చిన్నవాడై లోపలికి వెళ్లాడు. అంతకుముందు ఒడ్డున అంగదుడైతే, వెళ్లగలను గానీ తిరిగి రాగలనో లేదో అని అందరి ముందే ఒప్పుకున్నాడు. వీరుడు కాబట్టే ఆ మాట అనగలిగాడని నాకనిపిస్తుంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక అబ్బాయి మంగళవారం ఆకుపూజ చేయించి, ప్రసాదం కళ్లకద్దుకుని, అప్పు తెచ్చిన డబ్బుతో షేర్ మార్కెట్‌లో ఆప్షన్స్ (ధర పెరుగుతుందా, తగ్గుతుందా అని పందెం లాంటివి) కొంటాడు. అడిగితే "ధైర్యే సాహసే లక్ష్మీ" అంటాడు. 2021-22 నుంచి మూడేళ్లలో ఈ ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) వ్యాపారంలో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని 2024లో షేర్ మార్కెట్లని అదుపు చేసే సంస్థ సెబీయే లెక్క తేల్చింది. నీ నీడని ఏదో పట్టుకుని లాగుతోంది, ఒక్కసారి కిందికి చూడరా బాబూ అంటే వినడు. నష్టమొస్తే మాత్రం "స్వామి పరీక్ష పెడుతున్నాడు" అంటాడు. స్వామికి వేరే పనేమీ లేదా?

పెద్ద పనికి పూనుకోవద్దని నేననను. వ్యాపారం పెట్టండి, నచ్చని ఉద్యోగం మానేయండి, పరాయి దేశం వెళ్లండి. కానీ ముందు ఒకసారి కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి వెళ్లిరండి. అక్కడ ఉన్నది ధ్యానాంజనేయుడు. ప్రదక్షిణలయ్యాక ఓ పక్కన కూర్చుని, ఫోన్ జేబులో పెట్టి, చేతిలో ఉన్నదెంత, అప్పెంత, పని చెడితే ఇంట్లోవాళ్ల సంగతేంటి అని కాగితం మీద రాసుకోండి. ఇంట్లోవాళ్లకీ ఆ కాగితం చూపించండి. ఆ తర్వాత దూకండి, స్వామి వెంట ఉంటాడు.

యాత్రకి బండి మీద వచ్చే పిల్లలూ, హెల్మెట్ పెట్టుకోండి. మూడోవాడు బస్సెక్కి వచ్చినా స్వామి ఏమీ అనుకోడు.