జడ కొసకు ఏడేళ్లు

నా జడ కొసన ఉన్న వెంట్రుక వయసు దాదాపు ఏడేళ్లు. తల వెంట్రుక నెలకు సుమారుగా ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, మాడ నుంచి కొస దాకా టేపు పెట్టి కొలిచినప్పుడు వచ్చిన 84 సెంటీమీటర్లను నెలలుగా మార్చితే ఈ లెక్క తేలుతుంది. అంటే ఆ చివరి బెత్తెడు జుట్టు హనుమకొండలో ఏడు ఎండాకాలాలు చూసింది, ఏడేళ్లు బోరు నీళ్లలో తడిసింది, కొన్ని వేల సార్లు దువ్వెన పండ్ల మధ్య నలిగింది. మాడ దగ్గర నిన్న మొన్న మొలిచిన వెంట్రుకను, ఈ కొసను ఒకే తీరుగా చూడకూడదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా, అదీ కొంత జుట్టు పోగొట్టుకున్నాక, తెలిసి వచ్చింది.

నేను పెరిగింది బాపమ్మ కాచిన ఆముదంతో. పరకాల దగ్గరి మా ఊళ్లో చెల్క గట్ల మీద ఆముదపు చెట్లు ఉండేవి. బాపమ్మ ఆ గింజలను వేయించి, రోట్లో దంచి, పెద్ద గంజులో నీళ్లు పోసి ఉడికించేది. పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, అందులోని తడి ఆవిరైపోయే దాకా మళ్లీ కాచేది. వంటాముదం అంటే అదే. ముదురు రంగు, పొగ వాసన, తేనె కంటే చిక్కదనం. గోరువెచ్చని ఆముదాన్ని అరచేతి నిండా పోసి మాడ మీద అద్దుతూ "తలకు చలువ బిడ్డా, కండ్లకు చలువ" అనేది. జడ కొసకు మాత్రం ఆమె చేతికి అంటిన జిడ్డు తప్ప ఏమీ దక్కేది కాదు. మా ఇళ్లలో నూనె పెట్టడమంటే మాడకు పెట్టడమే.

పొడవు జుట్టుకు కావలసింది దీనికి ఇంచుమించు తలకిందులుగా ఉంటుంది. మాడ దగ్గర చర్మమే సహజమైన జిడ్డును విడుదల చేస్తుంది, కానీ అది రెండున్నర అడుగుల దూరం ప్రయాణించి కొస దాకా చేరదు. వెంట్రుక పైపొర ఇంటి పైకప్పు మీది గూన పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి పరచుకున్న పొలుసులతో ఏర్పడి ఉంటుంది. కొత్త వెంట్రుకలో ఆ పొలుసులను పలుచని కొవ్వు పొర కప్పి ఉంచుతుంది. ఎండకు, దువ్వెనకు, సబ్బుకు ఆ పొర క్రమంగా పోయి, పెంకులు లేచిన కప్పులాగా కొస గరుకుగా మారుతుంది. తడిసినప్పుడు వెంట్రుక నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ కుంచించుకుపోతుంది. ప్రతి తలస్నానానికీ ఇదే జరిగి జరిగి పాత జుట్టు బలహీనపడుతుంది. కాబట్టి నూనె పని తలస్నానం తరువాత మెరిపించడం కంటే, తలస్నానానికి ముందే లోపలికి చేరి నీటిని అదుపులో ఉంచడం.

ఈ పని అన్ని నూనెలూ చేయలేవు. ముంబయిలోని మారికో సంస్థకు చెందిన ఆర్తి రేలే, ఆర్. బి. మొహిలే 2003లో కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, పెట్రోలియం నుంచి తీసే ఖనిజ నూనెను (మినరల్ ఆయిల్) పోల్చి చూసి, వెంట్రుక నుంచి మాంసకృత్తుల నష్టాన్ని చెప్పుకోదగినంతగా తగ్గించినది కొబ్బరినూనె ఒక్కటేనని ప్రకటించారు. ఆ సంస్థ కొబ్బరినూనె అమ్మేదే అన్న సంగతి మరిచిపోకూడదు గానీ, వారు చూపిన కారణం నాకు సహేతుకంగానే కనిపిస్తుంది. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాలలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని అణువు గొలుసు పొట్టిది, వంకర లేనిది, అందుకే వెంట్రుక లోపలికి దూరగలదు. ఖనిజ నూనె పైపైనే నిలుస్తుంది. కొబ్బరి మన ఓరుగల్లు నేల పంట కాకపోయినా, జడ కొస విషయంలో నేను దానికే మొగ్గు చూపడానికి కారణం ఇది. కొనేటప్పుడు సీసా మీది పెద్ద అక్షరాలను వదిలి, వెనక వైపు చిన్న అక్షరాలలో ఉన్న దినుసుల పట్టికను చదవండి; తలనూనె పేరుతో వచ్చే కొన్నింటిలో మొదటి దినుసు ఖనిజ నూనే అయి ఉంటుంది. చిన్న సీసాలలోని శుద్ధ కొబ్బరినూనె వంటనూనా, తలనూనా అన్న పన్ను వివాదం ఏళ్ల తరబడి సాగి, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో గానీ తేలలేదు. మన ఇళ్లలో ఒకే సీసా వంటగదికీ, అద్దం ముందుకీ తిరుగుతుందని ఎవరిని అడిగినా చెప్పేవారు.

కార్తీకం దాటిన తరువాత ఇక్కడ కొబ్బరినూనె గడ్డకడుతుంది. అది 24 డిగ్రీల దగ్గరే పేరుకోవడం మొదలవుతుంది కాబట్టి దానిని కల్తీగా అనుమానించవలసిన పనిలేదు. సీసాను పొయ్యి మీద పెట్టకుండా, వేడి నీళ్ల గిన్నెలో కాసేపు నిలబెడితే చాలు.

నువ్వుల నూనె సంగతి వేరు. జగిత్యాల, నిజామాబాద్ వైపు వేసవి పంటగా నువ్వులు వేస్తారు. కట్టె గానుగ మీద తీసిన నూనె దొరికితే దాని వాసనే ఒక భోగం. నువ్వులలో సహజంగా ఉండే సెసమాల్ వంటి పదార్థాల వల్ల అది త్వరగా కనరు వాసన పట్టదు, అందుకే ఆకులు వేసి కాచుకునే నూనెకు బాగా నప్పుతుంది. గుంటగలగరాకును, మందార పూలను అందులో కాచేవారు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: చిటపట శబ్దం పూర్తిగా ఆగిపోయే దాకా, అంటే ఆకులోని చివరి తడి కూడా పోయే దాకా, సన్నని మంట మీద ఓపికగా ఉంచాలి. నేను మొదటిసారి తొందరపడి దించి సీసాలో పోసిన నూనె పది రోజులకే బూజు పట్టింది. ములుగు అడవుల వైపు నుంచి స్నేహితురాలు తెచ్చే ఇప్ప నూనె చలికాలంలో వెన్నలాగా పేరుకుంటుంది. దాని వాసన ఇంట్లో నాకు తప్ప ఎవరికీ నచ్చదు.

ఇక నాకు జరిగిన నష్టం గురించి. ఆముదం రాస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న మాట నమ్మి, రెండేళ్ల క్రితం చలికాలంలో సగం వంటాముదం, సగం కొబ్బరినూనె కలిపి మాడ నుంచి కొస దాకా కారేటట్టు రాసుకుని, కొప్పు చుట్టుకుని పడుకున్నాను. ఆముదంలోని కొవ్వు ఆమ్లాలలో పదింట తొమ్మిది వంతులు రిసినోలిక్ ఆమ్లమే. ఆముదం జిగురంతా ఆ ఆమ్లం నుంచే వస్తుంది. పొద్దున జుట్టంతా నడినెత్తిన కుప్పగా పోసుకుని, జిడ్డు వదలడం లేదని కుంకుడు గుజ్జుతో బట్టలు ఉతికినట్టు రుద్దాను. నీళ్లు పోసి వెనక్కి తీసుకునే సరికి మెడ వెనక జుట్టు పిచ్చుక గూడులాగా గట్టిపడి, వేలు దూరకుండా ముద్ద అయింది. పక్కింటి ముసలవ్వ వచ్చి చూసి, చెంపలు వేసుకుని, "ఎల్లమ్మ తల్లి జడ కట్టింది, దువ్వెన పెట్టకు బిడ్డా" అన్నది. ఆమె భయభక్తులను నేను చిన్నచూపు చూడను, కానీ జడలు కట్టిన ఆడపిల్లలను దేవత పేరిట వదిలేసిన చరిత్ర మన ప్రాంతానికి ఉంది కాబట్టి, ఆ ముద్దకు కారణం జిగురు నూనె, వేడి నీరు, అడ్డదిడ్డమైన రాపిడి మాత్రమేనని స్పష్టంగా చెప్పడం అవసరం అనుకుంటున్నాను. ఇటువంటిదే ఒక యువతికి ఆముదం, కొబ్బరినూనె కలిపి రాసుకుని తలస్నానం చేసిన వెంటనే జరిగిందని, చివరికి ఆ జుట్టును కత్తిరించవలసి వచ్చిందని 2017లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. నేను అదృష్టవంతురాలిని. కొబ్బరినూనె పట్టించి నానబెడుతూ, మా వదిన వెడల్పు పండ్ల దువ్వెనతో కింది నుంచి పాయ పాయగా విడదీస్తూ మూడు సాయంత్రాలు కూర్చుంది. అయినా కొసన ఒక బెత్తెడు పోయింది.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. తలకు పోసుకోవడానికి రెండు గంటల ముందు, పొడి జుట్టును చిక్కు లేకుండా దువ్వుకుని, రెండు చెంచాల కొబ్బరినూనెను అరచేతులకు రాసుకుంటాను. మొదట కొసలకు పట్టించి, అక్కడి నుంచి పైకి చెవుల దాకా వస్తాను. చేతికి మిగిలినదే మాడకు; బాపమ్మ పద్ధతికి సరిగ్గా వెనకముందులు. వదులుగా జడ వేసుకుంటాను. పది పన్నెండు కుంకుడుకాయలను కొట్టి, గింజలు తీసి, వేడి నీళ్లలో నానబెట్టి పిసికి, పలుచని బట్టలో తప్పకుండా వడకడతాను, ఎందుకంటే పొడవు జుట్టులో ఇరుక్కున్న పిప్పిని ఏరడం ఒక పూట పని. ఆ రసాన్ని మాడ మీద మాత్రమే రుద్ది, కిందికి జారనిస్తాను. జారే నురగే కొసలకు చాలు. కుంకుడులో నురగనిచ్చే సపోనిన్లు, సబ్బు మాదిరి కాకుండా, బోరు నీటిలోని సున్నంతో కలిసి తెట్టె కట్టవు, అది ఇక్కడి నీళ్లకు పెద్ద సౌకర్యం. కళ్లు మండితే నోట్లో ఉప్పు కల్లు వేసుకోవడం మాత్రం చిన్నప్పటి అలవాటే; దాని వెనక శాస్త్రం అడగకండి. తువ్వాలతో దులిపి కొట్టడం మానేసి, అదిమి తడి తీస్తాను. ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే రెండు మూడు చుక్కలు కొసలకు రాస్తే, మరునాడు చిక్కులు సగానికి సగం తగ్గుతాయి.

చుండ్రు ఉన్నవారు మాడకు నూనె పెట్టి ఉంచకపోవడమే మంచిది. చుండ్రుతో సంబంధం ఉన్న మలసీజియా అనే శిలీంధ్రానికి అటువంటి కొవ్వులే ఆహారం. అలాగే ఏ నూనె కూడా కొత్త వెంట్రుకను మొలిపించదు. కొస విరగకుండా కాపాడుతుంది కాబట్టి పెరిగినట్టు కనిపిస్తుంది, అంతే. వానాకాలం జ్వరాలు తగ్గిన రెండు మూడు నెలలకు, సరిగ్గా బతుకమ్మ, దీపావళి నాటికి, కుచ్చులు కుచ్చులుగా జుట్టు రాలుతోందని నూనెలు మార్చేవారిని ఏటా చూస్తున్నాను. ఆ రాలడం జ్వరం వల్ల వచ్చినది, చాలావరకు దానంతట అదే ఆగుతుంది. ఆగకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి.

ఆ రాత్రి వాడిన వంటాముదం సీసా ఇంకా సగం అలాగే ఉంది. ఇప్పుడు దానిని చలికాలంలో మడమల పగుళ్లకు రాస్తున్నాను.