మొహం లేని బొమ్మ

నర్సాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కితే సఖినేటిపల్లి దిగేలోపు ఒక బొమ్మ గీయడం నాకు అలవాటు. చిన్న నోటుబుక్కు, బాల్‌పెన్ను, అంతే. ఉండే టైమే తక్కువ, పైగా ఇంజను అదురుకి చెయ్యి నిలవదు, కాబట్టి షేడింగులూ చెరిపి దిద్దడాలూ కుదరవు, పడిన గీత పడినట్టే ఉండిపోతుంది.

మొన్న ఒక పెద్దావిడ ఎండుచేపల తట్ట పక్కన పెట్టుకుని గొంతుక్కూర్చుంది. మెడ నుంచి వీపు మీదుగా ఒకే గీత, తర్వాత మోకాలి మీద ఆన్చిన మోచెయ్యి, తట్ట అంచు. మొహం మొదలుపెట్టేలోపే పంటు రేవుకి తగిలింది. ఆవిడ తొంగిచూసి "ఇది నేనే కదే అమ్మాయ్" అంది. మొహం లేదు కదా మామ్మా, ఎలా తెలిసిందీ అంటే, "నా నడుం అలాగే వంగిపోయిందమ్మా" అంది.

అప్పట్నుంచీ ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ గుర్తొస్తున్నాడు. ఫ్రాన్సులో వాన్స్ అనే ఊళ్లో, 1951లో పూర్తయిన చిన్న చర్చి కోసం, తెల్ల పలకల మీద నల్ల గీతలతో ఆయన సెయింట్ డొమినిక్ అనే క్రైస్తవ సన్యాసిని వేశాడు. కళ్లు లేవు, ముక్కు లేదు. ఎనభై దగ్గరపడ్డాక, ఎక్కువసేపు నిలబడే ఓపిక కూడా లేని మనిషి, పొడుగాటి వెదురుకర్రకి బొగ్గు కట్టుకుని సాధన చేసిన గీతలవి. నేను ఫొటోల్లోనే చూశాను, అయినా ఆ అంగీ మడతల్లోనే మనిషి నిలబడ్డ తీరంతా తెలిసిపోతుంది.

అంత దూరం ఎందుకు, 1933లో ఈ నర్సాపురంలోనే పుట్టారు బాపు. ఆయన బొమ్మ అనగానే అందరూ పెద్ద పెద్ద కళ్ల గురించే చెబుతారు. నాకు మాత్రం జడ గీసిన తీరు ఇష్టం, లావుగా మొదలై ఎక్కడో సన్నగా జారిపోయే ఆ గీతలోనే పిల్ల నడక కూడా ఉంటుంది. పత్రికల్లో కథలకి వేసిన బొమ్మలు కదా, అది ఆర్టు ఎలా అవుతుందని ఎవరైనా అంటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ గీతకి దాక్కునే చోటే లేదు, రంగు అడ్డం రాదు, చెయ్యి ఒక్కచోట తడబడినా కనపడిపోతుంది.

మా పిన్ని లేసు అల్లుతుంది. ఒక సూది, ఒక దారం. పువ్వు కనపడేది దారం వల్ల ఎంతో, మధ్యలో వదిలిన ఖాళీల వల్లా అంతే.

ఇంటికొచ్చాక ఆ మామ్మ బొమ్మని వేరే కాగితం మీద ఎత్తి గీసి కళ్లూ ముక్కూ పెట్టి చూశాను. ఎవరో అయిపోయింది. పాత కాగితాన్నే నోటుబుక్కులోంచి జాగ్రత్తగా చింపి ఉంచాను, ఈసారి పంటు మీద కనిపిస్తే ఆవిడకే ఇచ్చేస్తాను.