1956 థండర్‌బర్డ్: పోయిన పికప్ ఎక్కడ దొరికిందంటే

మా 1956 ఫోర్డ్ థండర్‌బర్డ్‌కి బాడీ పని, పెయింటు పోయినేడే అయిపోయాయి. ఈ చలికాలమంతా ఇంజన్‌తోనే సరిపోయింది. కొన్నప్పటి నుంచీ వేధిస్తున్న పికప్ సమస్యకి, అంటే తొక్కినా బండి ఊపందుకోకపోవడానికి, కారణం దొరికింది. ఆ కాలపు ఫోర్డ్ వి8 మీద చెయ్యి పెట్టేవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు బండి సంగతి. తొలితరం రెండు సీట్ల థండర్‌బర్డ్ 1955, 56, 57 మోడళ్లలో వచ్చింది. 1958లో వెనక సీటు పెట్టేశారు. 56 మోడల్ బళ్లు 15,631 తయారయ్యాయి, అన్నీ మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లోనే. నేనుండే క్యాంటన్ నుంచి అది అరగంట దారి. మా బండి నంబరు పి6ఎఫ్‌హెచ్‌తో మొదలవుతుంది. పి అంటే 312 క్యూబిక్ అంగుళాల ఇంజన్, 6 అంటే 1956, ఎఫ్ డియర్‌బోర్న్, హెచ్ థండర్‌బర్డ్. పి బదులు ఎం ఉంటే అది 292 ఇంజన్‌తో పుట్టిన బండి. కొనేముందు ఇది చూసుకోవాలి.

మూడింట్లో నాకు 56 అంటేనే ప్రాణం. డిక్కీలో చోటు చాలట్లేదని స్టెప్నీని బయటికి, వెనక బంపరు దగ్గరికి తెచ్చారు. లోపల కాళ్ల దగ్గర ఉక్కగా ఉందంటే ముందు ఫెండర్లకి తెరుచుకునే గాలి తలుపులు పెట్టారు. హార్డ్‌టాప్ తొడిగితే పక్కన వచ్చే బండి కనపడట్లేదంటే గుండ్రటి కిటికీ ఇచ్చారు. కరెంటు కూడా 6 వోల్టుల నుంచి 12కి మారింది. నడిపేవాళ్ల గోడు విని ఒక్క ఏడాదిలో ఇన్ని మార్చారు. స్టెప్నీ బరువు అంత వెనక్కి పోవడం స్టీరింగ్‌కి మంచిది కాదు, 57లో దాన్ని మళ్లీ డిక్కీలోకి పంపేశారు. అయినా ఆ చక్రం లేకుండా 56ని ఊహించుకోలేను.

బాడీ గురించి ఒక్కమాటే. ముందు అద్దం కిందున్న గాలి పెట్టెలో ఆకులు పేరుకుని నీళ్లు నిలిచి, ఫ్లోరు రెండువైపులా తుప్పు తినేసింది. కొత్త రేకులు వెల్డింగ్ చేయించే ముందు ఆ పెట్టె, దాని నీటి దారులు శుభ్రం చేయకపోతే కొత్త ఫ్లోరుకీ అదే గతి. రంగు పీకాక్ బ్లూ, హార్డ్‌టాప్ తెలుపు. రంగు మీద వేసే పారదర్శక పూత, క్లియర్‌కోట్, వద్దన్నాను. పాత ఎనామిల్ మెరుపుకి రంగూ మెరుపూ ఒకే పూతలో వచ్చే సింగిల్ స్టేజ్ పెయింటే దగ్గరగా ఉంటుంది.

ఇక ఇంజన్. వై-బ్లాక్ అని పిలిచే ఈ ఫోర్డ్ వి8 ఇంజన్‌కున్న పేరుమోసిన జబ్బు, పైన వాల్వులని నొక్కి తెరిచే రాకర్లకి ఆయిల్ అందకపోవడం. ఆయిల్ మధ్య క్యామ్ బేరింగ్ దగ్గర్నుంచి సన్నటి దారిలో హెడ్‌కి, అక్కణ్నుంచి రాకర్లు కూర్చునే బోలు కడ్డీ, అంటే రాకర్ షాఫ్టులోకి ఎక్కాలి. ఆ రోజుల ఆయిల్‌తో ఆ దారులు మడ్డి పట్టిపోయేవి. షాఫ్టుల కొస బిరడాలు తీసి చూస్తే లోపల మాడిన చింతపండు గుజ్జులాంటి నల్లటి పదార్థం. సన్న బ్రష్షుతో తోమి, సాల్వెంట్‌లో నానబెట్టి, ప్రతి రంధ్రంలోంచీ గాలి కొట్టాను. బిగించాక మూతలు పెట్టకుండా ఐడిల్‌లో నడిపి చూస్తే ప్రతి రాకర్ దగ్గరా ఆయిల్ ఊరుతోంది. బయటి నుంచి పైపు వేసి రాకర్లకి ఆయిల్ పంపే కిట్లు దొరుకుతాయి గానీ, దారి బాగుచేయగలిగినంతకాలం నేనైతే వాటి జోలికి పోను. తర్వాత ఇంజన్ బాగా వేడెక్కాక టాపెట్ సెట్టింగ్, అంటే రాకర్‌కీ వాల్వుకీ మధ్య సందు సరిచేయడం, అన్ని వాల్వులకీ 0.019 అంగుళాలు.

ఇంత చేసినా పికప్ రాలేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే బండి ముందుకు దూకాల్సింది పోయి నీరసపడేది. అసలు కథ ఇక్కడుంది. ప్లగ్గులకి కరెంటు పంచేది డిస్ట్రిబ్యూటర్. 56లో ఫోర్డ్ వాడిన లోడోమ్యాటిక్ రకంలో, ఇంజన్ వేగం పెరిగేకొద్దీ విచ్చుకుని టైమింగ్‌ని జరిపే బరువులుండవు. టైమింగ్, అంటే ప్లగ్గులో రవ్వ పడే క్షణం, ముందుకు జరపాలంటే కార్బ్యురేటర్ ఇచ్చే వాక్యూమ్ (గాలి పీల్పు) ఒక్కటే ఆధారం. ఆ వాక్యూమ్ కూడా మామూలుది కాదు. ఒరిజినల్ హోలీ 4000 కార్బ్యురేటర్ గాలి దారి సన్నబడే వెంచురీ దగ్గర ఒకటి, యాక్సిలరేటర్‌తో తెరుచుకునే థ్రాటిల్ రేకు దగ్గర ఒకటి, రెండు చోట్ల నుంచి కలిపి పంపుతుంది. ఆ కార్బ్యురేటర్, ఆ డిస్ట్రిబ్యూటర్ ఒక జత. మా బండి పాత యజమాని ఎవరో అడాప్టర్ ప్లేటు వేసి కొత్తరకం కార్బ్యురేటర్ బిగించి, డిస్ట్రిబ్యూటర్ మాత్రం పాతదే ఉంచేశారు. థ్రాటిల్ పూర్తిగా తెరిచేసరికి వాక్యూమ్ పడిపోతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది.

తేల్చుకోవడం తేలిక. వాక్యూమ్ గొట్టం పీకి, కొసకి బిరడా కొట్టి, టైమింగ్ లైటు పట్టి ఇంజన్‌ని 2,500 ఆర్‌పీఎంకి లేపాలి. లైటులో కనిపించే టైమింగ్ గుర్తు ఉన్నచోటే ఉండిపోతే లోపల బరువులు లేవని అర్థం. మా బండిలో గుర్తు అంగుళం కదల్లేదు.

పాత జతనే తిరిగి పెట్టొచ్చు. కానీ హోలీ 4000కి పెట్రోల్ కారే గుణం ఉంది. వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారడమంటే మంటే. మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పే బండి ఇది, అందుకే ఆ దారి వద్దనుకున్నాను. 57 మోడల్ మానిఫోల్డ్ (కార్బ్యురేటర్ కింద ఇంజన్‌లోకి గాలి, పెట్రోల్ పంచే భాగం), దానికి సరిపడే హోలీ కార్బ్యురేటర్, బరువులున్న 57 డిస్ట్రిబ్యూటర్, మూడూ కలిపి వేశాను. ఎయిర్ క్లీనర్ మీద మైనం ముద్ద పెట్టి బానెట్ మెల్లగా మూసి, రెంటి మధ్య ఖాళీ ఎంతుందో, తగులుతుందేమో ముందే చూసుకున్నాను. ప్లగ్ వైర్ల వరస 1-5-4-8-6-3-7-2, ఒకటో సిలిండర్ కుడివైపు ముందుది. ఒరిజినల్ భాగాలన్నీ ఆయిల్ పూసి, చీటీలు కట్టి అటక మీద భద్రంగా ఉంచాను.

ఇప్పుడు మా దగ్గరి ఎం-14 హైవే ర్యాంపు మీద తొక్కితే సీటు వీపుని నెడుతోంది. ఆ ఎనిమిది సిలిండర్ల గొంతు బంపరు రెండు చివర్ల నుంచీ వస్తుంటే వినడానికే ఇంకో చుట్టు తిరిగొచ్చాను.

బ్రేకుల్లో ఒక మార్పు చేశాను. ఒరిజినల్ మాస్టర్ సిలిండర్‌కి ఒకటే అర, ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. రెండరల సిలిండర్ పెట్టి ముందు, వెనక లైన్లు విడదీశాను. డ్రమ్ములు మాత్రం అవే, సరిగ్గా సెట్ చేస్తే ఈ బండికి అవి చాలు.

ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ దగ్గర జరిగే పాత కార్ల ఊరేగింపు, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి తీసుకెళ్లాలని ఉంది. ఆలోగా తలుపుల రబ్బర్లు మార్చాలి, వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. 6.70-15 పాతరకం టైర్లు తీసేసి 205/75ఆర్15 రేడియల్స్ వేస్తున్నాను, తెల్ల అంచువే.