విమానంలోకీ మారేడుమిల్లికీ ఒకే బ్యాగు సరిపోతుందా?

బ్యాగు కొనేటప్పుడు చాలామంది ముందు లీటర్లు అడుగుతారు. ముందు అడగాల్సింది ఖాళీ బ్యాగు బరువు. ఇండిగోలో క్యాబిన్ బ్యాగుకి పరిమితి 7 కేజీలు, 55 × 35 × 25 సెంటీమీటర్లు. సూట్‌కేసులా మొత్తం తెరుచుకునే ట్రావెల్ బ్యాక్‌ప్యాకుల్లో గట్టిగా కుట్టినవి ఖాళీగానే కేజీన్నర తూగుతాయి. ల్యాప్‌టాప్, చార్జరు కలిపి రెండు కేజీలు తీసేస్తే బట్టలకి మిగిలేది మూడున్నర. అందుకే 35 లీటర్లు చాలు. 45 లీటర్ల బ్యాగు కొంటే ఖాళీ కనిపించిన చోటల్లా ఏదో ఒకటి కుక్కుతాం, కాటా దగ్గర దొరికిపోతాం.

మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి ఏటీఆర్ అనే చిన్న విమానం ఎక్కేవాళ్ళకి ఇంకో చిక్కు. దాంట్లో పై అరలు చిన్నవి. ఉబ్బిన బ్యాగు పట్టదు. పక్క పట్టీలు లాగి పలచన చేయగలిగే మెత్తటి బ్యాగైతే సీటు కిందకి తోసేయొచ్చు.

ట్రెక్కింగ్ బ్యాగు తీరు వేరు. వీపు పొడవుకి తగ్గట్టు నిలువుగా కుడతారు కాబట్టి 40 లీటర్లదే తరచూ 55 సెంటీమీటర్లు దాటుతుంది. లోపలి చట్రం వంగదు గనక పైమూత ఖాళీ చేసి నొక్కినా ఎత్తు తగ్గదు. వీపుకీ బ్యాగుకీ మధ్య గాలి ఆడేలా జాలీ బిగించినవి మన చెమటకి ఎంతో హాయి. కానీ ఆ జాలీ కోసం చట్రానికి పెట్టే వంపు నాలుగైదు సెంటీమీటర్ల లోతు తినేస్తుంది. పైగా గుడారం మేకులు, చాకు క్యాబిన్‌లోకి రానివ్వరు. స్టవ్ గ్యాస్ డబ్బా చెక్-ఇన్‌లోనూ కుదరదు. గుడారంతో వెళ్ళేవాళ్ళు ఎలాగూ చెక్-ఇన్ చేయాలి, అలాంటప్పుడు క్యాబిన్ కొలతల కోసం నడుముని కష్టపెట్టుకోవద్దు.

హైదరాబాద్, బెంగళూరు తిరుగుతూ ఏడాదికి ఒకట్రెండుసార్లు మారేడుమిల్లి అడవులకి వెళ్ళేవాళ్ళకి నా ఓటు 35 లీటర్ల ట్రావెల్ బ్యాగుకే. ఒక్క షరతు: నడుం బెల్టులో మెత్త ఉండాలి, అక్కర్లేనప్పుడు ఊడి రావాలి. అంగుళం వెడల్పు ఉత్త పట్టీ బ్యాగుని ఊగకుండా ఆపుతుంది తప్ప బరువు మోయదు.

కొట్లోనే తూకం వేసి చూడండి. లీటరు నీళ్ళ సీసాలు ఏడు పెడితే ఏడు కేజీలు. పట్టీలన్నీ వదులు చేసి తగిలించుకుని, బెల్టు తుంటి ఎముక మీద కూర్చునేలా ముందు అదే బిగించండి. తర్వాత భుజం పట్టీలు, ఆఖర్న ఛాతీ పట్టీ. భుజం పట్టీ కింద వేలు సులువుగా దూరితే బరువు నడుము మీదకి దిగినట్టే. బెల్టు పొట్ట మీదకి వస్తే బ్యాగు మీ వీపుకి పొట్టి. ఎంత బిగించినా బాగుపడదు.

ఇక తడి. మన దగ్గర బ్యాగుల్ని చంపేది ఇదే. గుడ్డ లోపలివైపు పాలీయూరిథేన్ పూత ఉంటుంది. వేడీ తేమా కలిస్తే అది విరిగిపోతుంది. అటక మీద రెండు మూడు వర్షాకాలాలు పడున్న బ్యాగు లోపల చెయ్యి పెడితే జిగటగా అంటుకుని, తెల్లటి పొట్టులా రాలుతుంది. ఆ పూత తిరిగి రాదు. ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి దాచొద్దు. జిప్పులు తెరిచి, గాలి తగిలే గదిలో కొక్కేనికి వేలాడదీయండి. అంతర్వేది, ఉప్పాడ సముద్రతీరం వైపు వెళ్ళొస్తే జిప్పుల్ని మంచినీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టండి. ఉప్పు పట్టిన రన్నరు ముందు గట్టిపడుతుంది, తర్వాత పళ్ళు వదిలేస్తుంది.

వాటర్‌ప్రూఫ్ అని చీటీ ఉన్నా కుట్టు రంధ్రాల్లోంచి నీళ్ళు దిగుతాయి. రెయిన్ కవర్ వీపువైపు కప్పదు. లోపల మందపాటి పాలిథిన్ సంచి వేసి, మూతి మెలిపెట్టి మడిస్తే నమ్మకం. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కినా, పాపికొండల బోటు ఎక్కినా నడుం బెల్టు, ఛాతీ పట్టీ విప్పి బ్యాగు కింద పెట్టేయండి. నీళ్ళలో పడితే కట్టుకున్న బ్యాగు మనిషిని లాగేస్తుంది. లైఫ్ జాకెట్ మీద బ్యాగు తగిలించుకోవడమూ తప్పే.

ఊరి నుంచి బయల్దేరేవాళ్ళకి ఇంకొకటి. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె సూట్‌కేసు తరహా బ్యాగులో అడుగున పెడితే, బ్యాగు నిలబెట్టగానే బట్టలన్నీ దాని మీదకి జారతాయి. బట్టలు కింద సర్ది, పెట్టెను పైన, వీపువైపుకి ఆనించి నిలపండి. ఎండుకొబ్బరి మాత్రం పెట్టుకోవద్దు, నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకు కింద లెక్క. పవర్ బ్యాంక్ చెక్-ఇన్‌లో వేయకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్‌అవర్లు, పరిమితి 100. సామర్థ్యం అంకె చెరిగిపోయినదైతే ఆపేస్తారు కాబట్టి చీటీ కనిపించేలా పై జేబులో పెట్టండి.