ఆవిడ ఎవరి తాలూకండి?

కోనసీమలో కొత్త మనిషి గుమ్మంలోకి వస్తే, కుర్చీ వేసి, కొబ్బరినీళ్లు చేతికిచ్చి, ఆ వెంటనే మేము అడిగే మాట "మీరు ఎవరి తాలూకండి?" అని. పెళ్లి సంబంధమైనా, పొలం కౌలైనా, చీటీ పాటైనా ఆ ప్రశ్నకు సమాధానం దొరికాకే కదులుతుంది. అటువంటి మా ఊళ్లలోనే, ముఖానికి రాసుకునే క్రీము విషయంలో మాత్రం ఫోను వీడియోల్లో ఫలానాది రాసుకోమని చెప్పే అపరిచితురాలిని ఎవరూ ఆ మాట అడగడం లేదు. అంబాజీపేటలోని మా మందుల దుకాణంలో కూర్చుని నేను రోజూ చూస్తున్నది ఇదే. ఇంటరు చదివే పిల్లల నుంచి రొయ్యల కంపెనీలో పనికి వెళ్లే ఆడవాళ్ల దాకా, ఫోను నా ముందు పెట్టి "ఈ అక్క చెప్పిన ట్యూబు ఇవ్వండి" అంటున్నారు.

నిరుడు మా అన్నయ్య కూతురు కూడా అలాగే మోసపోయింది. పెళ్లికి మూడు నెలల ముందు, బుగ్గల మీది మంగు పోవాలని, ఒక వీడియోలో చూపిన క్రీమును ఆ వీడియో కిందే ఉన్న లింకు ద్వారా తెప్పించుకుంది. రెండు వారాలకే ముఖం తేటపడి, చుట్టాలందరూ మెచ్చుకున్నారు. రెండో నెల దాటేసరికి చెంపల మీద సన్నని ఎర్రటి నరాలు తేలాయి, గడ్డమంతా మొటిమలు లేచాయి. "అత్తా, రాయడం మానేస్తే ముఖం మంటెత్తిపోతోంది, మళ్లీ రాస్తేనే చల్లబడుతోంది" అని అది ఏడుస్తూ చెప్పినప్పుడు నాకు విషయం అర్థమైంది. డబ్బా తెప్పించి చూస్తే దాని మీద తయారీదారు చిరునామా లేదు, బ్యాచి నంబరు లేదు, లైసెన్సు నంబరు లేదు. కాకినాడ పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరుగారు ముఖం చూసి, ఇది స్టిరాయిడ్ పూత వల్ల పాడైన చర్మంలా ఉందని చెప్పారు.

స్టిరాయిడ్ చేసే పని తెలిస్తే ఆ మొదటి రెండు వారాల మెరుపు వెనుక ఉన్నదేమిటో తెలుస్తుంది. అది చర్మంలోని రక్తనాళాలను కుంచింపజేసి ఎర్రదనాన్ని అణచివేస్తుంది కనుక ముఖం తెల్లబడినట్టు కనిపిస్తుంది. దానితో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా కలిపితే, మొదటిది రంగునిచ్చే మెలనిన్ తయారీని తగ్గిస్తుంది, రెండోది పైపొర త్వరగా రాలిపోయేలా చేస్తుంది. ఈ మూడూ కలిసిన మందును డాక్టర్లు మంగుకు కొద్ది వారాల పాటు, తమ కనుసన్నలలో వాడిస్తారు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మానగానే తిరగబెడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టిరాయిడ్ పూతమందులకు డాక్టరు చీటీ తప్పనిసరి చేసింది. ఆ తరువాత కూడా చీటీ అడగకుండా అమ్మిన దుకాణాలున్నాయి. అందులో మా దుకాణమూ ఉండేదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది, కానీ దాచను. మేనకోడలి ముఖం చూసిన రోజు నుంచి చీటీ లేనిదే ఆ ట్యూబులు ఇవ్వడం లేదు.

డబ్బా వెనుక పదార్థాల పట్టిక చదివి వినిపించి, "చూశారా, అన్నీ మంచివే" అనే వారిని చాలామంది చదువుకున్నవారుగా నమ్ముతున్నారు. నకిలీ క్రీములో స్టిరాయిడ్ ఉన్నా, పాదరసం ఉన్నా తయారు చేసినవాడు ఆ పట్టికలో రాయడు. 2023లో కేరళలోని మలప్పురం ప్రాంతంలో చర్మం తెల్లబరిచే క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చినట్టు డాక్టర్లు గుర్తించారు. ఆ క్రీములలో పాదరసం అపారంగా ఉన్నట్టు తేలింది. అది ప్రయోగశాలలో పరీక్షిస్తే తెలిసేదే తప్ప కెమెరా ముందు చదివితే తెలిసేది కాదు.

ఇక చదువు సంగతి. పేరుకు ముందు "డాక్టర్" అని ఉంటే మా వాళ్లు చేతులు జోడిస్తారు, ఆ గౌరవాన్ని నేను తప్పుపట్టను. అయితే ఆ మాట పళ్ల డాక్టరుకూ ఉంటుంది, పరిశోధన చేసి పట్టా పొందినవారికీ ఉంటుంది. "కాస్మెటాలజిస్టు" అన్న పేరు కొన్ని వారాల కోర్సుతో కూడా పెట్టుకోవచ్చు. చర్మవ్యాధుల నిపుణులు కావాలంటే ఎంబీబీఎస్‌కు ఐదున్నరేళ్లు, ఆ పైన ఎండీకి మూడేళ్లు చదవాలి, వైద్య మండలిలో రిజిస్ట్రేషను నంబరు ఉండాలి. పైగా కంపెనీల మందులను, ఉత్పత్తులను బహిరంగంగా సమర్థించకూడదని వైద్యుల వృత్తి నియమావళి చెబుతోంది. కాబట్టి డబ్బు తీసుకుని ఒక క్రీమును పేరుపెట్టి పొగిడేవారు నిజంగా డాక్టరే అయితే, నాకు మరింత బాధ కలుగుతుంది.

డబ్బు తీసుకున్నామని చెప్పడం కూడా వీడియోలు చేసేవారి దయ మీద ఆధారపడిన విషయం కాదు. అది ప్రకటన అని వీడియోలో రాతలోనూ మాటలోనూ తెలిసేలా చెప్పాలని 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది, ప్రచారం చేసినవారికి కూడా. మా మేనకోడలు చూసిన వీడియోలో ఇది ప్రకటన అన్న మాట ఎక్కడా లేదు. "నేను నా సొంత చెల్లెలికి కూడా ఇదే ఇచ్చాను" అని మాత్రం ఉంది.

ఎండలో గొడుగు వేసుకోమని, సన్‌స్క్రీన్ రాసుకోమని, గర్భిణులు రెటినాల్ అనే విటమిన్-ఎ రకం పూత వాడవద్దని తెలుగులో ఓపికగా చెప్పే అసలైన చర్మ డాక్టర్లు కూడా ఫోనులో ఉన్నారు. వారి మాట నేనూ వింటాను. వారు ఏ లింకూ ఇవ్వరు కనుక వారి మీద నా నమ్మకం ఇంకా పెరిగింది.

మా పిల్ల పెళ్లి వాయిదా పడకుండానే జరిగింది, కానీ ఎండలోకి వెళితే చెంపలు ఇప్పటికీ కందిపోతున్నాయి. జరిగినదంతా అది ఆ వీడియో కింద రాస్తే, గంట తిరగకముందే ఆ మాటలను తొలగించారు. వీడియో ఇంకా ఉంది. కింద లింకు కూడా అలాగే ఉంది.