మామిడి డబ్బు ఏడాదంతా నిలవాలంటే

చిత్తూరు వైపు తోతాపురి కాయ జూన్, జూలైల్లో గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. డబ్బు ఒక్కసారిగా వస్తుంది, ఖర్చేమో పన్నెండు నెలలూ ఉంటుంది. సేవింగ్స్ ఖాతాలోనే వదిలేస్తే వడ్డీ నామమాత్రం. పైగా ఫోన్‌లో యూపీఐ ఉంటే అది ఎటు కరిగిపోతుందో తెలియదు.

చేతికి 1,20,000 వచ్చిందనుకోండి. బ్యాంకు యాప్‌లో ఒకే ఎఫ్‌డీ (నిర్ణీత గడువుకు వేసే డిపాజిట్) చేయకండి. 40,000 చొప్పున మూడు చేయండి: 4 నెలలకు ఒకటి, 8కి ఒకటి, 12కి ఒకటి. నడుమ ఆసుపత్రి ఖర్చు వస్తే ఒక్కదాన్నే రద్దు చేసుకోవచ్చు, వడ్డీ కోత దానికే పడుతుంది. తెరిచేటప్పుడే ఆటో రెన్యూవల్ ఆపేయండి. లేకుంటే గడువు తీరిన రోజే మళ్లీ అంత కాలానికీ డబ్బు ఇరుక్కుంటుంది. నామినీ పేరు తప్పక ఇవ్వండి, చాలామంది వదిలేసేది ఇదే.

తిరుపతిలో నెలజీతం వాళ్లకు ఆర్‌డీ (నెలనెలా కొంత కట్టే డిపాజిట్) మేలు. నెలకు 2,000, వడ్డీ 6.5 శాతమైతే ఏడాదికి వడ్డీ సుమారు 850 వస్తుంది. కంతు తేదీని జీతం పడిన మర్నాటికి పెట్టండి.

ఐదేళ్లకు పైగా ముట్టుకోని డబ్బుకే మ్యూచువల్ ఫండ్ సిప్ (ఫండ్‌లో నెలనెలా కొంత పెట్టడం). అందులో డైరెక్ట్ ప్లాన్ ఎంచుకోండి, ఏజెంటు కమీషన్ ఉండదు. కంతు రోజున ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు జరిమానా వేస్తుంది.

ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ బీమా (బ్యాంకు మూతపడితే డబ్బుకు రక్షణ). అంతకు మించితే రెండో బ్యాంకు చూసుకోండి.