కాలనీ పిల్లలకు సరళీ వరుసలు నేర్పడం: మా అనుభవం

తిరుపతి శివారు కాలనీలో సంగీతం క్లాసు పెడుతున్నామనగానే ముందు వచ్చి చేరినవి వాయిద్యాలు. నాలుగు వయొలిన్లు, నాలుగూ పెద్దవాళ్ల సైజువే. ఎనిమిదేళ్ల పిల్లకు సగం సైజుది కావాలి. పైగా తీగలను స-ప-స-పలకు శ్రుతి చేసుకోవడం పిలకాయలకు నెలల తరబడి రాదు. గంట క్లాసులో ఇరవై నిమిషాలు నేర్పేవారు బిరడాలు తిప్పడానికే పోయేవి. వాటిని పక్కన పెట్టి గాత్రం మొదలుపెట్టాం. ఇలాంటి క్లాసు పెట్టాలనుకునేవాళ్లకు నా మాట ఒక్కటే: మొదటి డబ్బు ఆధార స్వరాన్ని ఆగకుండా మోగించే ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెకు పెట్టండి. ఫోన్‌లో తంబురా యాప్ పనిచేస్తుంది కానీ, మధ్యలో ఫోన్ వస్తే శ్రుతి ఆగిపోతుంది, పిల్లలూ ఆగిపోతారు.

శ్రుతి, అంటే పాటకు ఆధారమైన స ఎత్తు, ఎంత పెట్టాలన్నది అన్నిటికంటే ముఖ్యం. నేర్పేది మగవారైతే తన ఒకటి శ్రుతిలోనే (హార్మోనియం మీద C మెట్టు) పాడిస్తారు. పిల్లలు దాని పైస్థాయిలో అందుకోవాల్సి వస్తుంది, తారషడ్జం (పై స) దగ్గర అరుపులే. ఐదు లేదా ఐదున్నర (G లేదా G#) పెడితే ఏడేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా చాలామంది హాయిగా పాడతారు. ఆ శ్రుతిలో గొంతు బాగా నిలిచే పెద్దపిల్ల ఒకరిని ముందు పాడించాలి. గొంతు మారుతున్న పదమూడు, పద్నాలుగేళ్ల మగపిల్లలతో పైస్థాయి పట్టించకూడదు. ఆ కొన్ని నెలలూ తాళం వాళ్లకు అప్పగించాలి. అలా కాకపోతే సిగ్గుపడి మానేస్తారు.

పాఠం, అంటే స్వరాలను వరుసగా ఎక్కి దిగే సరళీ వరుసలు, కర్ణాటక సంగీతానికి పురందరదాసు వేసిన దారే: మాయామాళవగౌళ రాగం. ఇందులో స-రి, గ-మ, ప-ద, ని-స జంటలు దగ్గరదగ్గరగా ఉంటాయి, రి నుంచి గకు, ద నుంచి నికి మాత్రం పెద్ద అంగ. పిల్లలు ఎక్కువగా తప్పేది రి దగ్గర. శుద్ధ రిషభం (కింది రి) పాడమంటే మెల్లగా దానికి పైనున్న చతుశ్రుతి రిషభానికి జారిపోతారు. గుంపులో అది వినబడదు. అందుకే ముగ్గురు ముగ్గురిని నిలబెట్టి 'స రి స రి స' అని పది సార్లు పాడించాలి. స నుంచి ఎక్కినప్పుడు తప్పినవాళ్లు 'గ రి స' అని దిగినప్పుడు చాలాసార్లు సరిగ్గా పట్టుకుంటారు.

తాళంలో ఈ పిల్లలు నన్ను ఎప్పుడూ ఆనందపెడతారు. గంగమ్మ జాతరలో డప్పుల వెంట నడిచిన కాళ్లు కదా, లయ లోపలే ఉంటుంది. తప్పంతా వేళ్లలోనే. ఎనిమిది అక్షరాల ఆదితాళంలో దెబ్బ తర్వాత వేళ్ల లెక్క చిటికెనవేలితో మొదలుపెట్టాల్సింది, చూపుడువేలుతో మొదలుపెడతారు. రెండో కాలానికి (రెట్టింపు వేగానికి) వచ్చేసరికి చెయ్యి కూడా వేగం అందుకుంటుంది. అక్షరానికి రెండు స్వరాలు పడాలి, చెయ్యి మాత్రం మొదటి కాలంలో ఎలా నడిచిందో అలాగే నడవాలి. తొడమీద మెత్తగా వేయిస్తే ఒకరి దెబ్బ ఒకరిని తోసుకుపోదు.

ఆదివారం రెండు గంటలకంటే వారానికి మూడు రోజులు నలభై నిమిషాలు మేలు. మామిడికాయల కోతల కాలంలో పెద్దవాళ్లు పనికి పోతే చంటిపిల్లల బాధ్యత అక్కలమీద పడుతుంది. చెల్లిని చంకనేసుకుని వచ్చినా రానివ్వాలి. ఇంట్లో సాధనకు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపుతాం: శ్రుతి, ఒక్క వరుస, ఒకటో కాలం. రాత్రి ఏడు దాటాకే పంపాలి. ఫోన్ నాన్నతో ఇంటికి చేరేది అప్పుడే.